పదకొండో పట్టీ

మా బావకి మందం బ్లేడంటే ప్రాణం. పెళ్లాన్ని ఒక మాటంటే పడతాడు గానీ ఆ బ్లేడునంటే పడడు. పెళ్లామంటే మా అక్కే కాబట్టి ఈ మాట నేను అనొచ్చు.

పేటలో రొంపిచెర్ల రోడ్డు మీద మాది తలుపుల షాపు. ఇద్దరిదీ. కటింగ్ మిషన్ ముందు నిలబడేది మస్తాన్‌రావు బావ. బేరాలాడేదీ, సరుకు తెచ్చేదీ, ఇళ్లకి పోయి బిగించొచ్చేదీ, అందరి మీదా అరిచేదీ నేను. మిషన్ నాకూ వచ్చు. కాకపోతే బావ ఉండగా అది నా చేతికి రాదు.

పోయిన వేసంగిలో ప్లైవుడ్ పనికని గుంటూరు నుంచి సన్న బ్లేడు ఒకటి తెచ్చా. బావ దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురుకి అడ్డంగా పట్టి చూసి, "ఏంది బామ్మర్దీ, ఇది బ్లేడా, అప్పడమా?" అన్నాడు.

"ఎగతాళి చెయ్యమాక బావా. నీ బ్లేడు కోతకి మూడు మిల్లీమీటర్ల పైనే తింటది. ఇది రెండు మిల్లీమీటర్లు. రోజూ సాయంత్రం బస్తాకెత్తే పొట్టు ఏందనుకున్నావు? మన చెక్కే."

"తింటే తిననీయ్. ముడి తగిలినా అది పక్కకి పోదు. నీ అప్పడం పాత టేకు మీద పెట్టి చూడు, ఎటు పోద్దో దానికే తెలీదు."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు."

"నీ కుందేలుకి అవి గూడా లేవులే," అని నవ్వి, మళ్లీ మందం బ్లేడే బిగించుకున్నాడు. సన్న బ్లేడు గోడకి మేకు మీద వేలాడింది. ప్లైవుడ్ వచ్చినప్పుడు మాత్రం దింపేవాళ్లం. ప్లైవుడ్‌కీ, కొత్త మెత్త చెక్కకీ అది బంగారం. ఆ మాట బావా ఒప్పుకున్నాడు. పాత టేకు దగ్గరే మా ఇద్దరికీ పడేది కాదు.

ఇట్టా ఉండగా మా మేనకోడలు బిందుకి నెలలు నిండాయి. బిందు అంటే బావ కూతురు, ఒక్కతే కూతురు. మాచర్ల ఇచ్చారు. తొలి కాన్పు గదా, రొంపిచెర్ల పుట్టింటికి తెచ్చుకున్నారు. మా ఇళ్లల్లో మేనకోడలి తొలి బిడ్డకి ఊయల మేనమామే పెట్టాలి. కొని పెట్టేవాళ్లు కొని పెడతారు. నాకు సొంత షాపుండీ కొంటే ఊళ్లో వాళ్లు నా మొహాన ఉమ్మరూ!

బావ ఒక రోజు అటక మీద నుంచి పాత టేకు చెక్క దింపాడు. వాళ్లమ్మ పందిరిమంచానిది. మంచం ఎప్పుడో పాడైతే ఆ ఒక్క చెక్కనీ దాచాడంట, మనవడో మనవరాలో పుడితే ఊయల అడుగుకి పనికొస్తదని. నల్లగా నిగనిగలాడతా ఉంది. చేత్తో నిమిరితే చమురు అంటినట్టుంది.

ఊయల అడుగున అడ్డంగా పదకొండు పట్టీలు కావాలి. బావ టేపు పెట్టి కొలిచి పెదవి విరిచాడు. "పది వస్తాయిరా. కోతకి పోను పదకొండోది సగానికి సగం వస్తది. ఆ ఒక్కటీ వేప చెక్కతో వేద్దాం. వేప పిల్లలకి మంచిదే."

"నల్లటి టేకులో తెల్లటి వేపా? ముష్టోడి బొంతకి మాటేసినట్టుంటది. సన్న బ్లేడు పెడితే పదకొండూ దీంట్లోనే వస్తాయి."

"వస్తాయి. తిన్నగా రావు."

"నేను తెప్పిస్తా."

"నువ్వు తెప్పించబాక. వేప వెయ్," అన్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాడు పాపం.

మర్నాడే బిందుకి నొప్పులొచ్చాయి. అక్కా బావా దాన్ని తీసుకుని గుంటూరు ఆసుపత్రికి పోయారు. మగపిల్లాడు పుట్టాడని పొద్దున్నే ఫోనొచ్చింది. షాపులో నేనొక్కణ్నే ఉన్నా. సంతోషం పట్టలేక ఒక్కణ్నే నవ్వుకుంటా అటూ ఇటూ తిరిగా. గోడమీద సన్న బ్లేడు. బల్లమీద అత్తమ్మ మంచం చెక్క. బావ వచ్చేసరికి పదకొండు నల్లటి పట్టీలు వరసగా పేర్చి "ఇప్పుడేమంటావు?" అని అడగాలనిపించింది. బుద్ధి గడ్డి తినటమంటే అదే. పిల్లోడి కోసం కాదు నేను కోసింది, బావ మీద గెలవడం కోసం.

బ్లేడు మార్చా. మా మిషన్‌కి బ్లేడు వెనకాల ఒక రేకు ఉంటది. కోసిన చీలిక మళ్లీ మూసుకుపోకుండా తెరిచి పట్టేది అదే. అది మందం బ్లేడుకి సరిపోయిన రేకు. సన్న బ్లేడు చీలికలో పట్టక చెక్క దానికి కొట్టుకుని ఆగిపోయింది. ప్లైవుడ్‌కైతే చీలిక మూసుకోదు కాబట్టి రేకు తీసేసి కోసేవాళ్లం, టేకుకి మాత్రం సన్న రేకు తెచ్చుకోవాలి. లేదా బ్లేడు మార్చి మానుకోవాలి. నేను రెండూ చెయ్యలా. రేకు ఊడదీసి అవతల పడేశా.

తొమ్మిది కోతలు బాగానే పోయాయి. అక్కడక్కడా చెక్క మాడి నల్లటి చార పడింది, వాసనొచ్చింది, అయినా ఆగలా. పదో కోతలో ముడి తగిలింది. వెనక చీలిక మూసుకుని బ్లేడుని పట్టేసింది. మోటారు మూలిగింది. ఆపాల్సింది. నేను బలంగా నెట్టా. బ్లేడు గజగజా వణికి, పక్కకి వంగి, ముడి దాటాక మళ్లీ దారికొచ్చింది.

తీసి చూస్తే పదో పట్టీ మధ్యలో ఉబ్బింది, పదకొండోది మధ్యలో చిక్కిపోయింది. ఉబ్బినదాన్ని చిత్రిక పట్టి సరిచేశా. చిక్కినదాన్ని ఏం చేస్తాం? చెక్కని తగ్గించగలం గానీ పెంచలేం గదా. పైగా సరిగ్గా చిక్కిన చోటే ముడి.

అప్పుడన్నా ఒక వేప ముక్క తీసుకుని ఉంటే సరిపోయేది. అరగంట పని. ఊఁహూఁ. పొట్టులో జిగురు కలిపి లప్పం చేసి, ఆ గుంటలో నింపి, ఆరాక రుద్ది, పాలిష్ కొట్టా. నాకే కనపడలా ఎక్కడుందో. ఆ పట్టీని ఊయల చివర బిగించా. కాళ్ల వైపు అనుకున్నా. చంటోడి కాళ్లకి బరువేముంటది, అని నాకు నేనే చెప్పుకున్నా. నాకు నేను చెప్పుకునే మాటలకి ఎదురు చెప్పేవాడు ఆ రోజు షాపులో లేడు.

బావ వచ్చాడు. ఊయల చూశాడు. పట్టీలు ఒక్కొక్కటే కళ్లతో లెక్కపెట్టాడు. "పదకొండూనా?" అన్నాడు.

"పదకొండూ."

తల ఊపాడు. వెక్కిరిస్తాడేమో, చెయ్యి పెట్టి వెతుకుతాడేమో అని ఆయన చేతుల వంకే చూస్తన్నా. నా భుజం మీద చెయ్యేసి, "మా అమ్మ చూసుంటే నిన్ను ముద్దు పెట్టుకునేదిరా," అన్నాడు. అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. బావ అప్పటికే పక్క షాపు వాణ్ని పిలిచి చూపిస్తన్నాడు.

ఆ తర్వాత నాకు అన్నం సయించలా. ఎవరన్నా "ఊయల" అంటే చాలు, భుజాలు తడుముకునేవాణ్ని. నా పెళ్లాం అపర్ణ, "ఏంది, పిల్లోణ్ని కన్నది నువ్వా, బిందూనా? అట్టా పీక్కుపోతన్నావు," అని ఎగతాళి చేసింది. దాని మీద అరిచా. అరవడం తప్ప ఇంకేం చేతనవుద్ది నాకు.

బారసాల ఇరవై ఒకటో రోజున. రొంపిచెర్లలో బావ ఇల్లు పందిరితో, చుట్టాలతో కళకళలాడతా ఉంది. నేను పోయేసరికే ఊయలని హాల్లో దూలం కొక్కేలకి గొలుసులతో కట్టేశారు. బంతిపూలు చుట్టారు, లోపల బొంత పరిచారు. నా కళ్లు మాత్రం చివర పట్టీ కోసం వెతికాయి. దిండు దాని మీదే ఉంది. తల తూర్పుకి రావాలని దిండు అటు పెట్టారు. నేను కాళ్ల వైపనుకున్న చివరే పిల్లోడి తల వైపైంది.

అక్క పీటలు సర్దుతా ఉంటే దగ్గరికి పోయి, "అక్కా, ఊయల తిప్పి కడదామా?" అన్నా.

మా అక్క శేషారత్నం నోరు తెరిస్తే పేట దాకా వినపడుద్ది. "ఏందిరా తిప్పేది? పూలన్నీ కట్టాక తిప్పుతావా? ముహూర్తం మీద పడింది. పో, పోయి పంతులు గారికి మంచినీళ్లియ్యి."

"అది కాదక్కా..."

"ఏది కాదు?"

ఏది కాదో చెప్పలా. చుట్టూ జనం. పంతులు గారికి మంచినీళ్లిచ్చా.

బావ అప్పుడే వియ్యపురాలు ప్రమీలమ్మని ఊయల దగ్గరికి తీసుకొచ్చాడు. మాచర్ల మనిషి, పెద్దమనిషి. "ఇదిగోమ్మా, అంతా మా బామ్మర్ది చేతి పని. మా అమ్మ మంచం చెక్క. పది పట్టీలే వస్తాయి, ఒకటి వేప వెయ్యమన్నా నేను. వినలా వీడు. పదకొండూ దాంట్లోనే తీశాడు. ఇన్నేళ్లు మిషన్ ముందు నిలబడి నేను కాదన్నది వీడు చేసి చూపించాడు. నాదే తప్పు, వీడిదే నిజం," అని అందరికీ వినపడేట్టు చెప్పాడు. నా జన్మలో బావ నాతో ఓడిపోయానన్నది అదే మొదలు. దానికోసమేగా ఇంత చేసింది! తేలు కుట్టిన దొంగలాగా నిలబడ్డా. ఆవిడ నా వంక చూసి నవ్వితే నేనూ నవ్వా.

మా ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. బిడ్డని నేరుగా ఊయలలో వెయ్యరు. ముందు రుబ్బురోలు పొత్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కాటుక దిద్ది, కొత్త గుడ్డలో చుట్టి, దాన్నే బిడ్డలాగా ఊయలలో పండబెట్టి జోల పాడతారు. బిడ్డ రాయిలాగా గట్టిగా ఉండాలని. ఆ తర్వాత రాయిని తీసి బిడ్డని వేస్తారు.

ఆ పొత్రాన్ని ఎత్తుకుని ఆడోళ్లు వస్తంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. పాడు ఆలోచన. 'రాయి పడుకుంటే బిడ్డా పడుకుంటాడు. పొత్రం పిల్లోడికంటే రెండింతలు బరువుంటది. అది పెట్టినా ఆగిందంటే ఇంక భయం లేదు. ఎవరికీ చెప్పే పనీ లేదు.' ఆ ఆలోచన రాగానే నాకు ఊపిరాడింది కూడా. కోటప్పకొండ కోటయ్యని మొక్కుకున్నా. పట్టీ ఆగితే కొండకొస్తానని మొక్కుకున్నా. అట్టాంటి మొక్కు మొక్కినోణ్ని ఆ దేవుడు ఏ కంట చూశాడో.

పొత్రాన్ని దిండు మీద తల వైపుకి పెట్టారు. ఊపారు. జోల అందుకున్నారు. ఊయల ఆడతా ఉంది, గొలుసులు కిర్రుమంటన్నాయి, అందరూ నవ్వుతన్నారు. నేను గోడకానుకుని చెవులు రిక్కించి వింటన్నా. ఒకటో ఊపు. ఇంకో ఊపు. ఏం లేదు. ఆగింది అనుకున్నా.

అప్పుడు 'టక్' మంది.

ఆ పాటల్లో ఎవరికీ వినపడలా. నాకొక్కడికే వినపడింది. బొంత కింద ఏం కనపడదు, ఊయల ఊగుతానే ఉంది. మా అక్క పొత్రాన్ని తీసి పక్కన పెట్టింది. బిందు పిల్లోణ్ని ఎత్తుకుని ముందుకొచ్చింది. కొత్త చొక్కా, బుగ్గన దిష్టి చుక్క, నిద్రపోతన్నాడు వాడు. బిందు వంగింది.

"ఆగు!" అని అరిచా.

పాట ఆగిపోయింది. శుభమా అని బిడ్డని పండబెడతంటే ఆ అరుపేందని ముసలమ్మలు మూతులు తిప్పారు. అక్క, "ఏందిరా నీకు? ఏం పుట్టింది నీకు?" అని కసిరింది. నేను జనాన్ని తోసుకుంటా పోయి దిండూ బొంతా లాగేశా. చివర పట్టీ ముడి దగ్గర విరిగి, కిందికి వేలాడతా ఉంది. లప్పం పెళ్లలు నేలమీద పడ్డాయి.

"నాదే తప్పు," అన్నా. "సన్న బ్లేడు పెట్టి కోశా. ఈ పట్టీ మధ్యలో చిక్కిపోయింది. లప్పం పెట్టి కప్పెట్టా. బావకి తెలీదు. ఎవరికీ తెలీదు." ఏడుపొచ్చింది. అంతమందిలో ఏడ్చా గూడా.

బిందు పిల్లోణ్ని గుండెకి అదుముకుని వెనక్కి రెండడుగులు వేసింది. నన్ను చూసి వెనక్కి పోయింది నా మేనకోడలు. చిన్నప్పుడు నా భుజాలెక్కి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలు చూసిన పిల్ల.

మా అక్కే తేరుకుంది. పెట్టె తీసి తన పాత చీర తెచ్చింది, గొలుసులిప్పి ఆ కొక్కేలకే చీర ఊయల కట్టింది. "ముహూర్తం దాటకముందే వెయ్యండే," అంది. పిల్లోణ్ని చీరలో వేశారు. జోల మళ్లీ మొదలైంది, ఈసారి ఎవరికీ గొంతు పెద్దగా లేవలా. పంతులు గారు పిల్లోడి చెవిలో పేరు చెప్పారు. పృథ్వీ.

భోజనాల దగ్గర విచిత్రం చూడాలి. నన్ను తిడతారనుకున్నా. ప్రమీలమ్మ నా దగ్గరికొచ్చి, "ఈ రోజుల్లో ఎవరొప్పుకుంటారు అన్నయ్యగారూ? పరువు పోయినా పరవాలేదని బిడ్డ కోసం నోరు విప్పారు. మేనమామంటే మీరే," అంది. పక్కనున్నోళ్లు అవునన్నారు. కోటయ్యే నా నోట పలికించాడన్నారు. ఎవరో నా విస్తట్లో ఇంకో బూరె వేశారు. అది అట్టాగే ఉండిపోయింది.

బావ మాత్రం అందరికీ వడ్డించాడు, నాకూ వడ్డించాడు. విరిగిన పట్టీ ఆయన భుజం మీద కండువాలో చుట్టి ఉంది.

చేతులు కడుక్కోవడానికి పెరట్లో కుళాయి దగ్గరికి పోతే వెనకాలే వచ్చాడు. పట్టీ తీసి, విరిగిన చోట బొటనవేలితో రుద్దాడు. లప్పం పొడి రాలి, కింద చెక్క మాడిన చార బయటపడింది.

"రేకు ఊడదీశావా?" అన్నాడు.

"ఊఁ."

"ఊయల తిప్పి కట్టమని మీ అక్కని అడిగావంట."

"ఊఁ."

"అంటే రాయి పెట్టకముందే తెలుసు నీకు."

నేను కుళాయి కట్టేశా.

బావ అరవలా. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేవాణ్ని, పోయేది. మెల్లగా అడిగాడు. "రాయికి విరిగింది కాబట్టి అరిచావు. విరక్కపోయుంటే?"

విరక్కపోయుంటే అరిచేవాణ్ని కాదు. గోడకానుకుని నవ్వతా నిలబడేవాణ్ని. పిల్లోణ్ని దాని మీదే వేసేవాళ్లు, రోజూ వేసేవాళ్లు. వాడు బరువు పెరుగుతా ఉండేవాడు. ఆ సంగతి బావకి తెలుసు. నాకూ తెలుసు. నేను తల దించుకున్నా.

"సరే. రేపు షాపుకి రా," అని లోపలికి పోయాడు.

మర్నాడు నేను పోయేసరికి బావ ఊయలని షాపుకి తెచ్చి పెట్టాడు. మందం బ్లేడు బిగించి ఉంది, వెనక రేకు దాని చోట దానికుంది. సన్న బ్లేడు మళ్లీ మేకు మీదికి పోయింది. దాన్ని పారెయ్యలా బావ, దాని తప్పేముంది? వేప ముక్క తీసి నా చేతికిచ్చి, "నువ్వే కొయ్," అన్నాడు. కోశా. మాడలా, వణకలా. చిత్రిక పట్టి, టేకు పట్టీల పక్కన బిగించా. పది నల్లవి, చివర ఒక తెల్లది. నేను ముష్టోడి బొంతన్నానే, అట్టా ఏం లేదు. బాగానే ఉంది.

"అయిపోయింది బావా," అన్నా.

మా ఇద్దరికీ ఇన్నేళ్లుగా ఒక అలవాటు. నేను అయిపోయిందంటే అయిపోయినట్టే. తలుపు గానీ, కిటికీ గానీ, నేను బిగించినదాన్ని బావ ఒక్కసారి కూడా చెయ్యేసి చూళ్లేదు. కస్టమర్ అనుమానపడితే, "మా వాడు బిగించాడు, ఇంక చూసేదేంది," అని కసిరేవాడు.

ఆ రోజు బావ ఊయల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మొదటి పట్టీ మీద పిడికిలి పెట్టి, ఒంటి బరువంతా వేసి నొక్కాడు. తర్వాత రెండోది. తర్వాత మూడోది. నా వంక చూళ్లేదు. పదకొండూ అట్టాగే ఒక్కొక్కటీ నొక్కి చూసి, అప్పుడు, "పద, ఇచ్చొద్దాం," అన్నాడు.